‘పిక్ అప్’కి ఎన్ని అర్థాలు? సగం జవాబు మీ ఇంట్లోనే ఉంది



ఈ నెల ఇంగ్లీష్ పేజీలో ఒకే ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. కొత్త మాటేమీ కాదు, మీరు రోజూ వాడేదే. “ఇవాళ పాపని ఎవరు పికప్ చేసుకుంటారు?” అని పొద్దున్నే ఇంట్లో అడిగి ఉంటారు. “పది సార్లు చేశాను, ఫోన్ పికప్ చేయడం లేదు” అని ఆఫీసులో ఎవరినో విసుక్కుని ఉంటారు. “బండికి పికప్ తగ్గింది, కాస్త చూడు” అని మెకానిక్‌కి చెప్పి ఉంటారు. “మ్యాథ్స్‌లో ఏమైనా పికప్ అయ్యాడా మేడం?” అని పేరెంట్ టీచర్ మీటింగ్‌లో నన్నే అడుగుతుంటారు.

నాలుగు వాక్యాలు, నాలుగు అర్థాలు. తీసుకెళ్లడం, ఫోన్ ఎత్తడం, వేగం అందుకోవడం, మెరుగుపడటం. వీటిని మీకు ఎవరూ పట్టిక రాసి నేర్పలేదు. పరీక్షా పెట్టలేదు. అయినా ఎక్కడ ఏ అర్థమో మీకు ఒక్క క్షణం కూడా అనుమానం రాదు.

అదే మాట మీ అబ్బాయికో అమ్మాయికో ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అనే పాఠంగా, పక్కన పన్నెండు అర్థాల పట్టికతో ఎదురైనప్పుడు మాత్రం కథ మారిపోతుంది. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు. 19 ఏళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను, ఏటా ఇదే చూస్తున్నాను. ఎందుకిలా అవుతుందో, ఇంట్లో మీరేం చేయగలరో చెప్పాలనే ఈ ఉత్తరం.

పాత సమస్యే

ముందుగా ఒక ఊరట. ఈ కష్టం మన పిల్లలకే వచ్చింది కాదు. 1755లో లండన్‌లో శామ్యూల్ జాన్సన్ తన ప్రసిద్ధ ఇంగ్లీష్ నిఘంటువు అచ్చు వేయించినప్పుడు ముందుమాటలో ఈ సంగతి రాశాడు. క్రియ వెనక ఒక చిన్న మాట చేర్చి దాని అర్థాన్నే మార్చేసే పద్ధతి ఇంగ్లీష్‌లో చాలా ఎక్కువని, పరాయి దేశాలవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది అదేనని ఆయన అభిప్రాయం. ‘టేక్ ఆఫ్’, ‘గివ్ ఓవర్’, ‘సెట్ అవుట్’ లాంటివి ఉదాహరణగా చూపించాడు. ఇలాంటి జంట మాటలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు చాలా తర్వాత, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది.

‘పిక్’ అంటే ఏరడం, కోయడం. ‘అప్’ అంటే పైకి. ఈ రెండు అర్థాలు తెలిసినా ‘పికప్డ్ ఎ కోల్డ్’ కాదు, ‘పిక్డ్ అప్ ఎ కోల్డ్’ అనాలని గానీ, దాని అర్థం జలుబు పట్టిందని గానీ ఊహించలేం. రెండు మాటలు కలిసి మూడో మాట అయిపోయాయి. పిల్లలు తడబడేది అక్కడే.

రేడియో దగ్గర నేర్చుకున్నది

నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో. ఏబీసీడీలు మొదలైందే ఆరో తరగతిలో. ‘పిక్ అప్’ నాకు పుస్తకంలో దొరకలేదు, మా నాన్నగారి రేడియోలో దొరికింది. ఆయనకు ఇంగ్లీష్ రాదు గానీ క్రికెట్ కామెంటరీ మాత్రం ఒక్క ముక్క వదిలేవారు కాదు. బౌలర్ ‘పిక్డ్ అప్ టూ వికెట్స్’ అని రేడియోలో వినబడగానే “రెండు పడగొట్టాడే!” అనేవారు. బ్యాట్స్‌మన్ ‘పిక్డ్ అప్ ఎ సింగిల్’ అంటే “ఒకటి తీశాడు” అనేవారు. ‘ద రన్ రేట్ హాజ్ పిక్డ్ అప్’ అనగానే కుర్చీలో ముందుకు జరిగి “ఆట పుంజుకుంది” అనేవారు.

ఒకే ఇంగ్లీష్ మాటకు ఆయన నోట ప్రతిసారీ వేరే తెలుగు మాట. పడగొట్టడం, తీయడం, పుంజుకోవడం. సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని నాకు అలా తెలిసింది. అప్పటికి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు కూడా వినలేదు. తర్వాత పుస్తకంలో ఆ పాఠం వచ్చినప్పుడు కొత్తగా అనిపించలేదు, తెలిసిన మనిషికి పేరు తెలిసినట్టు అనిపించింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ పాఠం నాకు తేలికైంది మా నాన్నగారి తెలుగు వల్ల.

బోర్డు మీద ‘పట్టు’

ఆ మధ్య ఏడో తరగతిలో ఈ పాఠం చెబుతున్నాను. ఒక అబ్బాయి లేచి, “ఒక్క మాటకి ఇన్ని అర్థాలెందుకు మేడం? ఒక్కో దానికి ఒక్కో మాట పెట్టుకోవచ్చు కదా, ఇంగ్లీష్ వాళ్లకి మాటలు తక్కువా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ప్రశ్న నచ్చింది. పాఠం ఆపి, బోర్డు మీద తెలుగులో ‘పట్టు’ అని రాశాను. “దీంతో ఎన్ని వాక్యాలు చెప్పగలరో చెప్పండి, చూద్దాం” అన్నాను.

ముందు “చెయ్యి పట్టుకో” అన్నారు. తర్వాత ఒక్కొక్కరూ అందుకున్నారు. ఇనుము తుప్పు పట్టింది. రాత్రి నిద్ర పట్టలేదు. బిందెతో నీళ్లు పట్టాలి. పాపకి పాలు పట్టాలి. బియ్యం మరకి పంపి పిండి పట్టించాలి. స్కూలుకి రావడానికి గంట పట్టింది. తమ్ముడు పంతం పట్టాడు. కుక్క వాసన పట్టింది. నాన్నకి జలుబు పట్టింది. అక్క నన్ను పట్టించుకోదు. బెల్లు కొట్టేసరికి బోర్డు మీద చోటు మిగల్లేదు.

“ఇన్ని అర్థాలు మీకు ఎవరు నేర్పారు? ఏ పరీక్షకి చదివారు?” అని అడిగాను. జవాబు లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మర్నాడు మళ్లీ ‘పిక్ అప్’కి వచ్చాం. ఈసారి అర్థాల పట్టిక ఇవ్వలేదు. ఇంగ్లీష్ వాక్యాలు మాత్రమే ఇచ్చి, మన ఇళ్లలో దీన్ని ఎలా అంటారని అడిగాను. ‘షి పిక్డ్ అప్ తమిళ్ ఫ్రమ్ హర్ నైబర్స్’ అంటే, పక్కింటివాళ్ల దగ్గర తమిళం వంటబట్టింది. ‘ద డాగ్ పిక్డ్ అప్ ద సెంట్’ అంటే, కుక్క వాసన పట్టింది. ‘బిజినెస్ ఈజ్ పికింగ్ అప్’ అంటే, వ్యాపారం పుంజుకుంటోంది. ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే, పోలీసులు పట్టుకెళ్లారు. ‘లెట్ అస్ పిక్ అప్ వేర్ వుయ్ లెఫ్ట్ ఆఫ్’ దగ్గర కాసేపు ఆగారు. అప్పుడు సంగీతం నేర్చుకునే అమ్మాయి ఒకతె, “ఆపిన చోటి నుంచి ఎత్తుకుందాం, మా పాటల టీచర్ రోజూ అదే అంటారు” అంది.

చూడండి, ‘పాట ఎత్తుకోవడం’లో ఎత్తుకునేది ఏమీ లేదు, చేతిలో బరువూ లేదు. అయినా మనం అలాగే అంటాం. ఇంగ్లీష్ వాళ్లూ అంతే.

చివరికి పిల్లలే ఆ వాక్యాలన్నిటినీ మూడు కుప్పలు పోశారు. ఒకటి, మన దగ్గర లేనిది మన దగ్గరికి రావడం: పిల్లల్ని తీసుకురావడం, భాష వంటబట్టడం, జలుబు పట్టడం, రేడియోకి స్టేషన్ అందడం. రెండు, కింద ఉన్నది పైకి రావడం: వేగం, వ్యాపారం, ఆరోగ్యం, రన్ రేట్. మూడు, ఆగిపోయిన దాన్ని మళ్లీ అందుకోవడం: పాట, కథ, ఆగిపోయిన మాటలు. పన్నెండు అర్థాలు గుర్తుపెట్టుకోవడం కష్టం. మూడు కుప్పలు గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా తేలికే.

పరీక్షించడానికి, పట్టికలో లేని వాక్యం ఒకటి బోర్డు మీద రాశాను. ‘ద విండ్ పిక్డ్ అప్ ఇన్ ద ఈవెనింగ్.’ వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి తడుముకోకుండా, “సాయంత్రానికి గాలి పుంజుకుంది” అంది. ఆ అమ్మాయి ఈ వాక్యం ముందెప్పుడూ వినలేదు. వినాల్సిన అవసరం లేకపోయింది.

‘తినెయ్యి’లో ఉన్న గ్రామర్

అలాగే ఇంకొకటి గమనించండి. ‘ఈట్’ అంటే తిను. ‘ఈట్ అప్’ అంటే? ‘పైకి తిను’ అని కాదు, ఏమీ మిగల్చకుండా తినమని. ఇదే తేడా తెలుగులో మీరు రోజుకి పది సార్లు చూపిస్తారు. “అన్నం తిను” అంటారు, చివరి ముద్ద దగ్గర మాత్రం “తినెయ్యి” అంటారు. ‘డ్రింక్ అప్’ అంటే తాగెయ్యి. ‘ఫినిష్ అప్’ అంటే ముగించెయ్యి. ‘తినెయ్యి’ అసలు రూపం ‘తిని వెయ్యి’. వెయ్యడం అంటే కింద వేయడమనే అర్థం అక్కడ పోయింది, పని పూర్తి చేయడమనే అర్థం మిగిలింది. ‘అప్’లో పైకి అనే అర్థం పోయినట్టే.

‘నిలబడు’ అనే మాటలో ‘పడు’ ఉంది. నిలబడినవాడు ఎక్కడ పడ్డాడు? ‘ఇష్టపడు’, ‘కష్టపడు’, ‘బయటపడు’ అన్నిటిలోనూ పడటం ఉంది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇది చెబితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ నవ్వులో ఒక ఇంగ్లీష్ పాఠం అయిపోతుంది.

ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లూ మన స్కూల్లో చాలామంది ఉన్నారు. ‘ఖానా’కీ ‘ఖా లేనా’కీ, ‘గిర్నా’కీ ‘గిర్ జానా’కీ తేడా మీ పిల్లలకు తెలుసు. వాళ్లకూ దారి సిద్ధంగానే ఉంది. ఇంటి భాష ఏదైనా ఫర్వాలేదు, అది బాగా రావాలి.

ఒక మామ్మగారి ప్రశ్న

ఇప్పుడు అసలు విషయం. ‘పట్టు’ రాసిన రోజు క్లాసులో ఒక అబ్బాయి నోరు విప్పలేదు. చురుకైనవాడు, మంచి మార్కులు వస్తాయి. ‘పిక్ అప్’ అర్థాలు పన్నెండూ వరసగా అప్పజెప్పగలడు. కానీ గాలి వాక్యం దగ్గర ఆగిపోయాడు. పట్టికలో అది లేదు కదా. తెలుగులో చెప్పమంటే “పట్టుకో” దగ్గర ఆగాడు.

తర్వాతి మీటింగ్‌కి వాళ్ల నాన్నగారు వచ్చారు. మాటల్లో, “ఇంట్లో తెలుగు పూర్తిగా ఆపేశాం మేడం, ఇంకా ఏం చేయమంటారు?” అని అడిగారు. ఆయన్ని నేను తప్పుపట్టలేదు. ఇంటర్వ్యూలో నాలుగు ఇంగ్లీష్ వాక్యాలు తడబడినందుకు ఉద్యోగం చేజారిన తరం మనది. ఆ అవమానం పిల్లలకు రాకూడదని తాపత్రయపడటంలో తప్పేముంది? ఇంట్లో ఇంగ్లీష్‌లో ఏమేం మాట్లాడుకుంటారని మాత్రం అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, నిజాయితీగానే చెప్పారు. “కమ్ ఫాస్ట్, ఈట్ ప్రాపర్లీ, స్విచ్ ఆఫ్ ద టీవీ, డిడ్ యు ఫినిష్ యువర్ హోమ్‌వర్క్... అంతే మేడం.”

అంటే ఆ ఇంట్లో తెలుగు పోయిన చోటికి ఇంగ్లీష్ రాలేదు. ఆజ్ఞలు మాత్రమే వచ్చాయి. కథలు, వెటకారాలు, సామెతలు, అలకలు, బతిమాలడాలు, పక్కింటి కబుర్లు ఇవేవీ రాలేదు. మాటకున్న రకరకాల అర్థాలు పిల్లలకు అందేది వాటిలోనే.

ఆ తర్వాతి మీటింగ్‌కి అబ్బాయితో వాళ్ల నాయనమ్మ వచ్చారు. తెనాలి దగ్గర పల్లెటూరు, తాతగారు పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారట. మార్కుల కాగితం చేతికిస్తే చూడకుండా మడిచి పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, అబ్బాయికి వినబడకుండా అడిగారు. “టీచరమ్మా, నేను వాడితో మాట్లాడితే వాడి ఇంగ్లీషు పాడవుద్దంటగా?”

“పాడవదు మామ్మగారూ. మీరు ఎంత మాట్లాడితే అంత మంచిది” అన్నాను.

“మరి ఆ ముక్క మావాడికి చెప్పమ్మా. మా పిల్లాడికి” అన్నారామె. కొడుకుని ఉద్దేశించి.

చెప్పాను. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. ఒక ఇంట్లో మనవడికీ నాయనమ్మకీ మధ్య మాటలు ఆగిపోతే మనం పోగొట్టుకునేది భాష ఒక్కటే కాదు. ఆ నష్టానికి బదులుగా ఇంగ్లీష్ అయినా వస్తోందా అంటే, అదీ రావడం లేదు. నా క్లాసులో నాకు కనిపిస్తున్నది ఇది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

మొదటిది, పట్టికలు వద్దు. వంద ఫ్రేజల్ వెర్బ్స్ ఉన్న పుస్తకం కొనకండి. వారానికి ఒక్కటి చాలు. ‘గివ్ అప్’ అనుకోండి, ‘టర్న్ అప్’ అనుకోండి. ఆ వారమంతా క్రికెట్ కామెంటరీలో, కార్టూన్లలో, ఇంగ్లీష్ సినిమాల్లో అది ఎక్కడ వినబడినా పట్టుకోవడం ఒక ఆటలా ఆడండి.

రెండోది, దొరికిన ప్రతి వాక్యానికీ “మనం దీన్ని ఎలా అంటాం?” అని అడగండి. ఒక్క మాటకి ఒక్క మాట అని బలవంతం చేయకండి. ప్రతి వాక్యానికీ వేరే తెలుగు మాట వస్తే ఆట సరిగ్గా నడుస్తున్నట్టు.

మూడోది, చిన్న వ్యాకరణ సూత్రం ఒకటి. ఇది మాత్రం గుర్తుపెట్టించండి. ‘పిక్ అప్ ద బుక్’ అనవచ్చు, ‘పిక్ ద బుక్ అప్’ అనవచ్చు. పేరుకు బదులు ‘ఇట్’, ‘హిమ్’, ‘హర్’, ‘దెమ్’ వస్తే అది మధ్యలోనే ఉండాలి. ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ హిమ్ అప్’. ‘పిక్ అప్ ఇట్’ తప్పు. మన పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడ.

నాలుగోది, ఎక్కడ ఏది వాడాలో చెప్పండి. ఫ్రేజల్ వెర్బ్స్ వాడితే మాట సహజంగా ఉంటుంది. ప్రిన్సిపాల్‌కి లెటర్ రాసేటప్పుడు, వ్యాసంలో, ‘కలెక్ట్’, ‘రిజ్యూమ్’, ‘ఇంప్రూవ్’ లాంటి ఒంటి మాటలు ఎక్కువ నప్పుతాయి. రెండూ రావాలి.

ఐదోది, ఇంట్లో పెద్దవాళ్లుంటే పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోనివ్వండి. ఊళ్లో ఉంటే ఫోన్ చేయించండి. “ఇంగ్లీష్‌లో మాట్లాడు” అనే షరతు అక్కడ పెట్టకండి. మీకు ఇంగ్లీష్ బాగా వస్తే మీరూ పిల్లలతో మాట్లాడండి, కథలు చెప్పండి, జోకులు వేయండి. వచ్చినంత వరకే మాట్లాడినా ఫర్వాలేదు. రాని చోట మౌనంగా ఉండే కన్నా తెలుగులో మాట్లాడటం పిల్లలకు వెయ్యి రెట్లు మేలు.

చివరగా, మీకూ ఈ నెల హోమ్‌వర్క్ ఉంది. మాట ‘పెట్టు’. మొదలుపెట్టు, కనిపెట్టు, భయపెట్టు, పొదుపు చేసి పెట్టు, అన్నం పెట్టు, ముగ్గు పెట్టు, పేరు పెట్టు. ఇంటిల్లిపాదీ కూర్చుని రాత్రి భోజనాల దగ్గర ఇంకో పది చెప్పుకోండి. పిల్లల ఇంగ్లీష్ నోట్‌బుక్ చివరి పేజీలో రాయించి పంపండి. పక్కనే ఒక్కో దానికి ఇంగ్లీష్‌లో ఏమంటారో మేము క్లాసులో వాళ్ల చేతే రాయిస్తాం. ‘పుట్’ ఒక్కటీ అన్ని చోట్లా సరిపోదని వాళ్లే కనిపెడతారు.

— సీనియర్ ఇంగ్లీష్ టీచర్, హైస్కూల్ విభాగం